తెరచాపకి నాలుగు టక్కులు

ముప్పై ఒక్క ఏళ్ళు పైకీ కిందికీ తిరిగిన మనిషికి ఉన్నట్టుండి పక్కకి వెళ్ళాలని బుద్ధి పుడితే కట్టుకున్నదాని గతి ఏమిటి? వీధి మొదట్లో, షట్టరున్న ఇంట్లో కాపురముండే టైలరమ్మకి వచ్చిపడ్డ కష్టం అదే.

ఆమె భర్త ఏడంతస్తుల ఆఫీసు భవనంలో లిఫ్టు నడిపేవాడు. అందుకే వీధి మొత్తానికీ ఆయన లిఫ్టాయన. గ్రిల్ తలుపు లాగి, మడతస్టూలు మీద కూర్చుని, ఇత్తడి పిడి పట్టుకుని, పెద్ద ఆఫీసరు ఎక్కినా టీ తెచ్చేవాడు ఎక్కినా ఒకే గొంతుతో "ఏ ఫ్లోరండీ?" అని అడిగేవాడు. ఒకరోజు ఆ లిఫ్టు పీకేసి, బటను నొక్కితే తనంతట తనే పోయే లిఫ్టు పెట్టారు. లిఫ్టాయనకి నాలుగు చప్పట్లు కొట్టి, ఒక గోడగడియారం చేతిలో పెట్టి ఇంటికి పంపారు. పాత లిఫ్టు విప్పుతున్నప్పుడు మడతస్టూలూ, చిన్న అద్దమూ, మనుషుల లెక్క చెప్పే ఇత్తడి పలకా ఆయనే అడిగి తెచ్చుకున్నాడు.

ఉద్యోగం పోయింది కానీ అలవాటు పోలేదు. వంటింట్లోకి వెళ్ళాలన్నా గుమ్మం దగ్గర ఒక్క క్షణం ఆగి, నేల సమానంగా వచ్చిందో లేదో చూసుకుని మరీ అడుగు పెట్టేవాడు. కొలతలివ్వడానికి ఎవరొచ్చినా షట్టరు పక్కన నిలబడి "చెయ్యి జాగ్రత్తండీ" అనేవాడు. పొద్దున్నే తలదువ్వుకుని పాత ఆఫీసుకే వెళ్ళి, కొత్త లిఫ్టులో ఏడో అంతస్తు దాకా ఊరికే ఎక్కి దిగొచ్చేవాడు. నాలుగో రోజున కాపలావాడు, "పెద్దాయనా, పనుంటే రండి, లేకపోతే హాయిగా ఇంట్లో కూర్చోండి" అన్నాడు. అన్నవాడికి గుర్తుండదు, పడ్డవాడు మరిచిపోడు. లిఫ్టాయన ఇంటికొచ్చి మంచమెక్కి గోడవైపు తిరిగి పడుకున్నాడు. పదకొండు రోజులు ఆ గోడనే చూశాడు.

టైలరమ్మది నోరు పెద్దదే కానీ గుండె మెత్తన. ఆ పదకొండు రోజులూ మిషను తొక్కుతూ ఆ వీపు వైపే చూసేది. వీపుకి కొలత తీసుకోవడం ఆమెకి చిన్నప్పటి నుంచీ వచ్చు. వీపుతో మాట్లాడటం ఎలాగో మాత్రం ఎవరూ నేర్పలేదు.

పన్నెండో రోజున మంచం ఖాళీ. సాయంత్రం వీధిలో తోపుడుబండి చప్పుడు. ముందు పాత సామాన్లవాడు లాగుతున్నాడు, వెనక లిఫ్టాయన నెడుతున్నాడు, బండి మీద బోర్లించిన పడవ! దాని వెనకాల సగం వీధి.

"ఏమండీ, ఏమిటది?" అంది టైలరమ్మ, చేతిలో కత్తెర చేతిలోనే ఉండగా.

"పడవ."

"నాకూ కళ్ళున్నాయి. ఎందుకని అడుగుతున్నా."

"తెరచాప పడవే. బాగు చేసుకుంటే గాలికి పోతుంది."

"మన సంసారం చాలదూ గాలికి పోవడానికి! దేనికిచ్చాడు దీన్ని?"

"గడియారానికి." లిఫ్టాయన బండి మీద చెయ్యి తీయకుండానే చెప్పాడు. "ఇకమీదట టైముతో నాకేం పని?"

పాత సామాన్లవాడు చెమట తుడుచుకుంటూ కల్పించుకున్నాడు. "వంటచెరకు చేద్దామని గొడ్డలి ఎత్తానమ్మా. ఈయన అడ్డం పడ్డాడు. మీకు నచ్చకపోతే ఒక్క కబురంపండి, ఎప్పుడైనా వచ్చి పట్టుకుపోతా. గొడ్డలి ఎక్కడికీ పోలేదు."

టైలరమ్మ పొమ్మనే అందామనుకుంది. కానీ మొగుడి మొహం చూసింది. పదకొండు రోజుల తరవాత వీపు కాకుండా మొహం కనపడటం అదే మొదలు. నోటిదాకా వచ్చిన మాట మింగేసి, షట్టరు ఇంకాస్త పైకి ఎత్తింది.

ఇక్కడ ఆ గది సంగతి చెప్పుకోవాలి. షట్టరు ఎత్తితే దుకాణం, దించితే ఇల్లు. గది పొడవు పదమూడడుగులు. అందులో మంచం, మిషను, గుడ్డ కోసే బల్ల, బట్టలు వేలాడే తీగ, వచ్చినవాళ్ళు కూర్చునే బెంచీ. పడవ పొడవు పన్నెండడుగులు. పడవ లోపలికి వచ్చింది, మంచమూ బల్లా బెంచీ బయటికి వెళ్ళాయి. మిషను వంటింటి గుమ్మానికి ఆనుకుంది. ఆ రోజు నుంచి చొక్కా కొలతలివ్వడానికి వచ్చినవాళ్ళు పడవలో కూర్చుని తమ వంతు కోసం చూసేవాళ్ళు.

"వదినా, మీ ఇంట్లో ఓడ దిగిందటగా!" అంటూ పక్కింటావిడ వచ్చింది. ఎవరింట్లో పాలు పొంగినా ముందు ఆవిడ ముక్కుకే తెలుస్తుంది.

"రా వదినా, రా. ఎక్కి కూర్చో. ఒడ్డుకి చేరగానే టీ ఇస్తా" అంది టైలరమ్మ.

పడవ బాగు చేయడానికి టైలరమ్మ తమ్ముడు వచ్చాడు. అతను వడ్రంగి. పడవ చుట్టూ రెండుసార్లు తిరిగి, గోటితో ఒక చెక్క గీకాడు. గోరంత గీకితే అరచెయ్యంత ఊడొచ్చింది.

"బావా, దీంట్లో బాగున్న చెక్కలేవో చెప్పు. అవి వదిలేసి మిగతావి మారుస్తా."

"మూడున్నాయిరా."

"నాకు రెండే కనపడ్డాయి. మూడోది నువ్వు కూర్చున్న పీట."

బావమరిది నోరు ఎంత ఆడినా చెయ్యి అంతకంటే బాగా ఆడుతుంది. పుచ్చిన చెక్కలు తీసి కొత్తవి వేశాడు. చెక్కకీ చెక్కకీ మధ్య సందుల్లో లిఫ్టాయన నూనెలో నానేసిన దారప్పీచు కూరి, పైన లప్పం పెట్టాడు. ఆ పీచంతా టైలరమ్మ దారపుండలే. తెల్ల దారం వెతికితే దొరికేది కాదు, అడిగితే "నీళ్ళు రాకుండా కాపలా కాస్తోంది" అనేవాడు. తరవాత ఉప్పుకాగితం పట్టుకుని పొద్దుట్నించి సాయంత్రం దాకా పాముడే పాముడు. ఆ పొడి స్కూలు యూనిఫారాల మీద పడి, నీలం పంట్లాలు బూడిదరంగుకి తిరిగాయి. వార్నిషు వాసనకి వీధిలో పిల్లులు కూడా ఆ గుమ్మం తొక్కడం మానేశాయి.

ఇక పడవకి ఆయన చేసిన సింగారం చూసి తీరాలి. చుక్కాని పక్కన లిఫ్టు మడతస్టూలు బిగించాడు. ఎదురుగా అద్దం పెట్టాడు.

"వెనక వచ్చే పడవలు చూడ్డానికా బావా?"

"ఎక్కినవాళ్ళు తల సర్దుకోవడానికి."

అంచు పొడుగునా పట్టుకోవడానికి కమ్మీ వేశాడు. ఇత్తడి పలక మీద 'ఐదుగురికి మించరాదు' అని ఉన్నది ఎలాగో గీకి 'ముగ్గురికి' అని చెక్కించాడు.

"ఇంకేం, గ్రిల్ తలుపు కూడా పెట్టించు" అన్నాడు బావమరిది, వెటకారానికి.

లిఫ్టాయన సుత్తి ఆపి ఆలోచించాడు. "బరువెక్కువవుతుందేమోరా?"

ఇదంతా టైలరమ్మ పంటి బిగువున భరించింది. భరించలేని రోజు బ్యాండుమాస్టరు రూపంలో వచ్చింది.

బయట పెట్టిన గుడ్డ కోసే బల్ల వేళకాని వానజల్లుకి తడిసి ఉబ్బింది. పని ఆగకూడదని ఆమె ఒకరోజు, పామడానికి బోర్లించిన పడవ అడుగు మీదే బ్యాండుమాస్టరు పంట్లాం గుడ్డ పరిచి, సుద్దతో గీసి, కోసేసింది. కొలతలన్నీ సరిగ్గానే వేసింది. కానీ గుడ్డ పడవ ఒంపు తిరిగింది, గుడ్డతో పాటు టేపూ తిరిగింది. ఆ పంట్లాం తొడుక్కుని బ్యాండుమాస్టరు అందరి ముందూ కవాతు చేశాడు. కుడికాలు తిన్నగా ముందుకి పోతుంటే, ఎడమకాలు పంట్లాం తనకి వేరే ఊళ్ళో పనున్నట్టు పక్కకి పోయింది. మర్నాడు దాన్ని కాగితంలో చుట్టి తెచ్చి, పడవలో పెట్టి, ఒక్క మాట కూడా అనకుండా వెళ్ళిపోయాడు. తిట్టినా బాగుండేది.

ఇరవై ఆరేళ్ళలో ఆమె కుట్టినది ఒక్కటీ వెనక్కి రాలేదు. ఎదిగే పిల్లల గౌన్లకి ఎవరూ అడక్కపోయినా లోపల నాలుగు వేళ్ళ గుడ్డ మడిచి వదిలే మనిషి ఆమె. ఏడాది తిరిగాక తల్లి వచ్చి "పిల్ల పొడుగైంది" అంటే, "నాకు తెలుసు, లోపలుంది చూడండి" అని విప్పి చూపించేది. అలాంటి మనిషి చేతి పంట్లాం తిరిగొచ్చింది!

ఆ సాయంత్రం ఆమె పడవకి అటు వైపు నిలబడింది. లిఫ్టాయన ఇటు వైపు.

"ఇక నా వల్ల కాదండీ. ఈ గదిలో మీ పడవైనా ఉండాలి, నా పనైనా ఉండాలి."

"ఇంకొన్నాళ్ళు ఆగవే."

"ఆగుతా. వానలు మొదలయ్యేదాకా ఆగుతా. ఆ లోపల దీన్ని ఊరి చివర చెరువులో వెయ్యండి. తెడ్డు ముట్టుకోకుండా, ఉత్త గాలితో అవతలి ఒడ్డుకి చేరిందా, ఇది ఇక్కడే ఉంటుంది, నేనే సర్దుకుపోతా. చేరలేదా, పాత సామాన్లవాడి బండి ఒడ్డునే ఉంటుంది. అక్కణ్ణించి అటే. సరేనా?"

లిఫ్టాయన అంచు మీద చెయ్యి వేసి నిమిరాడు. "సరే" అన్నాడు. ఆ సరే మరీ నెమ్మదిగా వచ్చింది. అది విన్నాక టైలరమ్మ గోడ వైపు చూసింది. పడవ పోతే గది వస్తుంది. గదితో పాటు ఆ మంచం, ఆ గోడ, ఆ వీపు కూడా వస్తాయేమో? కానీ నోరు జారిన మాటని వెనక్కి తీసుకునే అలవాటు ఆ ఇంట్లో ఎవరికీ లేదు.

ఇక మిగిలింది తెరచాప. పడవ ముక్కులో చుట్టగా చుట్టి పడేసి ఉన్న దాన్ని లాగితే బూజు వాసన గుప్పుమంది. టైలరమ్మే దాన్ని మూడు నీళ్ళలో ఉతికి, డాబా మీద ఆరేసింది. గాలికి అది మధ్యలో ఉబ్బి, కుండలాగా నిలబడింది. ఆమె నడుం మీద చేతులు వేసుకుని చూసింది.

"చూడండి చూడండి! ఏ చేతకానివాడు కుట్టాడో కానీ, మధ్యలో ఇంత వదులేమిటి? ముసలాయన పంట్లాం మోకాళ్ళలా ఎలా సాగిపోయిందో!"

"అది అలాగే ఉండాలేమోనే. రేవు దగ్గర పడవ తాత చాపకి కూడా పొట్ట ఉంటుంది."

"ఆ తాత ఎప్పుడైనా ఒక్క లాగు కుట్టాడా?"

"లేదనుకో."

"మరి? గుడ్డ సంగతి నాకు వదిలేసి మీరు వార్నిషు చూసుకోండి."

ఆయన వార్నిషు చూసుకోవడానికి వెళ్ళాడు. ఆమె చిరుగులకి అతుకులు వేసింది. ఆ అతుకులు ఎంత అందంగా వచ్చాయంటే, వాటి మధ్య ఆ వదులు చూస్తుంటే ఆమెకి చేతులు దురద పెట్టాయి. ఎంత గొడవపడినా మొగుడి పడవ. నలుగురిలోకి వెళ్ళేది. జారిపోయిన పంట్లాంలాంటి చాపతో వెళితే, కుట్టిన ఆవిడ ఎవరని అడగరూ? తెరచాప కొయ్యకి కట్టే అంచు నుంచి మధ్యలోకి జానెడేసి పొడుగున గుడ్డ మడిచి నాలుగు టక్కులు పెట్టింది. ఊడకుండా రెండేసి కుట్లు వేసింది. ఇస్త్రీ కూడా చేసింది. ఆ తరవాత చూస్తే చాప పెళ్ళికొడుకు చొక్కాలా తిన్నగా, బల్లపరుపుగా ఉంది. ఆయనకి చెప్పలేదు. చెప్పడానికేముంది, రోజూ వేసే టక్కులేగా!

వానలు పడబోతున్నాయనగా ఒక ఆదివారం పొద్దున పడవ బండెక్కింది. చెరువుగట్టు మీద బావమరిది, పక్కింటావిడ, ఆవిడ వెంట వచ్చిన నలుగురు, బండి మీద కాళ్ళు చాపుకుని పాత సామాన్లవాడు. బండిలో గొడ్డలి కూడా ఉంది. టైలరమ్మ అది చూసి చూడనట్టు మొహం తిప్పుకుంది.

"నేనూ వస్తా" అంది ఆమె, పడవ నీళ్ళలోకి దిగగానే. "మీరు తెడ్డు ముట్టుకోలేదని సాక్ష్యం ఎవరు చెప్తారు?"

లిఫ్టాయన ఆమె మోచెయ్యి పట్టుకుని ఎక్కించాడు. "చెయ్యి జాగ్రత్తండీ" అన్నాడు, అలవాటు కొద్దీ.

ఒక్క చుక్క నీరు లోపలికి రాలేదు. దారాలన్నీ కాపలా కాస్తున్నాయి మరి. ఆయన అడుగుపలక దించాడు. పడవ పక్కకి జారకుండా మధ్య సందులోంచి నీళ్ళలోకి దించే పలక అది. చాప ఎత్తి, చేతిలో తాడు, చంకలో చుక్కాని, లిఫ్టు స్టూలు మీద నిటారుగా కూర్చున్నాడు. పక్క నుంచి చల్లగా గాలి తగులుతోంది. పడవ కదిలింది. గట్టు మీద చప్పట్లు. పడవ ఒక ఫర్లాంగు పోయింది. తరవాత నెమ్మదించింది. తరవాత ఆలోచనలో పడింది. చెరువు నడిమధ్యకి వచ్చేసరికి ఆగింది.

చాప పైనుంచి కింది దాకా బిగదీసుకుని, గాలి వచ్చి తగులుతుంటే ఏమీ పట్టనట్టు నిలబడింది. గాలి దాని మీద జారి వెళ్ళిపోతోంది, ఇస్త్రీ చొక్కా మీద చెయ్యి జారినట్టు.

లిఫ్టాయన తాడు లాగి చూశాడు, వదిలి చూశాడు. చుక్కాని ఇటు తిప్పాడు, అటు తిప్పాడు. పలక ఎత్తాడు, దించాడు. లేచి మధ్యలో నిలబడ్డాడు. బరువు మధ్యలో ఉంటే ఏ లిఫ్టయినా తిన్నగా పోతుందని ఆయన నమ్మకం. పడవ అక్కడే నెమ్మదిగా ఒక చుట్టు తిరిగింది.

నీళ్ళ మీద మాట బాగా పాకుతుంది. గట్టు మీద నుంచి పక్కింటావిడ గొంతు వినపడింది. "ఏమయ్యా, మధ్యలో ఏదో ఫ్లోరు వచ్చినట్టుంది, దిగేవాళ్ళెవరైనా ఉన్నారేమో!"

నవ్వులు. పాత సామాన్లవాడు బండి దిగి ఒళ్ళు విరుచుకోవడం కూడా కనపడింది.

అప్పుడే వాళ్ళ పక్కనుంచి పడవ తాత సర్రున పోయాడు. ఆయనదీ చిన్న పడవే, చెక్కలు ఏ కాలం నాటివో, చాపకి గోనెపట్టా అతుకులు. కానీ ఆ చాప నిండు చూలాలిలా గుండ్రంగా పొట్ట పెట్టుకుని ముందుకి వంగి పోతోంది. టైలరమ్మ కళ్ళు ఆ పొట్ట మీద పడ్డాయి. అక్కడి నుంచి తమ చాప మీదికి వచ్చాయి. మళ్ళీ ఆ పొట్ట మీదికి వెళ్ళాయి. ఆమె వేళ్ళు వాటంతట అవే మెడలో వేలాడే చిన్న కత్తెర దగ్గరికి వెళ్ళాయి.

వదులు కాదు అది. గాలి కూర్చునే చోటు. దాన్ని పట్టుకుని నాలుగు టక్కులతో మూసేసింది తనే.

లిఫ్టాయన స్టూలు మీద కూర్చున్నాడు. అద్దంలో ఒకసారి మొహం చూసుకున్నాడు. "తప్పు నాదేనే" అన్నాడు. "చుక్కాని ఎక్కడో వంకర బిగించినట్టున్నా. లేకపోతే కమ్మీ బరువెక్కువయ్యుంటుంది. చేతకాని పని నెత్తికెత్తుకున్నా. పోనీలే. ఆ బండివాడికి చెయ్యి ఊపు. నీ గది నీకు వస్తుంది."

టైలరమ్మ నోరు విప్పకపోతే సరిపోయేది. నాలుగు టక్కుల సంగతి ఆ చెరువులో చేపకి కూడా తెలియదు. సాయంత్రానికల్లా బల్ల లోపలికి, బెంచీ లోపలికి, మిషను వెలుగులోకి. పదమూడడుగులూ ఆమెవే. చెయ్యి పైకెత్తింది కూడా. ఆ ఎత్తిన చెయ్యి గాల్లో అలాగే ఉండిపోయింది. తను కుట్టింది సరిగ్గా కూర్చోక ఒకడు ఎగతాళి పాలవుతుంటే, తప్పు తొడుక్కున్నవాడి ఒంటిదని చెప్పి తప్పుకునే దర్జీలుంటారు. ఆమె ఆ జాతి కాదు.

"చాప దించండి" అంది.

"ఎందుకే?"

"దించమంటే దించండి, ప్రశ్నలు తరవాత!"

చాప దిగి ఆమె ఒళ్ళో కుప్పగా పడింది. ఆమె కళ్ళజోడు పెట్టుకుని, కత్తెర మొన మొదటి టక్కు కింద దూర్చింది.

"ఇవేమిటే? ఇవెప్పుడు వచ్చాయి?"

"నేనే వేశాను. మీరు అలాగే ఉండాలేమో అన్నాక."

లిఫ్టాయన ఆ టక్కు వైపు చూశాడు. ఆమె తల వంచుకుని కుట్లు తెంపుతోంది. ఏదైనా అంటాడేమోనని ఎదురుచూస్తోంది, అంటే పడడానికి కూడా సిద్ధంగానే ఉంది.

"ముప్పై ఒక్క ఏళ్ళలో నా లిఫ్టు రెండు ఫ్లోర్ల మధ్య తొమ్మిదిసార్లు ఆగింది" అన్నాడాయన చివరికి. "లోపలున్నవాళ్ళు గోలపెట్టేవాళ్ళు. నేను ఒకటే చెప్పేవాణ్ణి. కంగారు పడకండి, తాడు తెగలేదు, ఆగిందంతే."

టైలరమ్మకి ఏడుపూ నవ్వూ కలిపి వచ్చాయి. రెండూ మొహం మీదికి రాకుండా దారం మీద విరుచుకుపడింది. "ఛీ! ఎవరు కుట్టారో కానీ ఇంత గట్టిగానా! రెండేసి కుట్లట, రెండేసి! ఊడితే కదా!"

"మంచి టైలరని విన్నాను" అన్నాడు లిఫ్టాయన, గుడ్డ బిగించి పట్టుకుంటూ.

గట్టు మీద పక్కింటావిడకి ఊపిరాడటం లేదు. "ఏం చేస్తోందిరా అది? నీళ్ళ మధ్యలో కుట్టుపని పెట్టిందా?"

"అక్కకి పని దొరికితే చాలు, చోటుతో పనిలేదు" అన్నాడు తమ్ముడు.

నాలుగో టక్కు విప్పేసరికి ఆమె వేలికి రెండు చోట్ల గుచ్చుకుంది. చాప మళ్ళీ పైకెక్కింది. ముడతలు ముడతలుగా, కుట్ల గుర్తులతో, ఆమె దుకాణంలో అయితే సిగ్గుతో మూల పడేసేలా ఉంది. ఒక్కసారి టపటపలాడింది. తరవాత మధ్యలో నెమ్మదిగా ఉబ్బింది. నిండింది. చాప కింది అడ్డకర్ర ఇటు నుంచి అటు ఊగి, లిఫ్టాయన తల మీద జుట్టుకి మాత్రమే తగిలి వదిలింది. పడవ ఒక పక్కకి ఒరిగి ఉరికింది.

"ఏమండీ! ఒరుగుతోందండీ!"

"మధ్యకి రా! బరువు మధ్యలో ఉండాలి!"

"మధ్యలో కాదయ్యా లిఫ్టాయనా!" దూరం నుంచి పడవ తాత అరిచాడు. "గాలి వచ్చే వైపుకి! ఇద్దరూ గాలి వైపుకి!"

ముప్పై ఒక్క ఏళ్ళ సిద్ధాంతాన్ని ఒక్క దూకుతో వదిలేసి లిఫ్టాయన గాలివైపు అంచెక్కాడు. టైలరమ్మ కమ్మీ పట్టుకుని ఆయన పక్కకి పాకింది. ఆ కమ్మీని ఎన్ని తిట్లు తిట్టిందో గుర్తొచ్చి ఇంకా గట్టిగా పట్టుకుంది. పడవ తిన్నబడి, ముక్కుతో నీళ్ళు చీల్చుకుంటూ పోయింది. తెడ్డు కట్టిన చోటే కట్టి ఉంది.

అవతలి ఒడ్డు ఇసకలో పడవ గరుక్కున ఆగింది. లిఫ్టాయన లేచి, లేని గ్రిల్ తలుపుని చేత్తో పక్కకి లాగాడు. నేల సమానంగా ఉందో లేదో చూసుకున్నాడు.

"దిగండి. చెయ్యి జాగ్రత్త."

"ఏ ఫ్లోరండీ ఇది?" అంది టైలరమ్మ.

ఆయన చొక్కా కొసతో ఇత్తడి పలక తుడిచి, ఆమెకి చెయ్యి అందించాడు.

వెళ్ళడమైతే వెళ్ళారు కానీ, వెనక్కి రావడం వాళ్ళ వల్ల కాలేదు. చాప ఎత్తి ఎన్నిసార్లు బయలుదేరినా పడవ తిరిగి తిరిగి అదే ఇసకలో ముక్కు పెట్టింది. పందెంలో వెనక్కి రావాలన్న మాట లేదు కదా! చివరికి పడవ తాతే తాడు కట్టి లాక్కొచ్చాడు. దారి పొడుగునా వెనక్కి చూసి నవ్వుతూనే ఉన్నాడు. "అమ్మా, చాపకి టక్కులా! నా తరంలో వినలేదమ్మా. కానీ ఆ అతుకులున్నాయే, అవి మాత్రం భలే వేశావు. నాదీ ఒకటి చినిగింది, చూస్తావా?"

గట్టు మీద పాత సామాన్లవాడు గొడ్డలి తీసి బండి కింద కట్టేశాడు. ముక్కలు చేసి తీసుకుపోదామని తెచ్చిన బండి మీదికే నలుగురూ పట్టి పడవనెక్కించారు, ఇంటికి చేర్చడానికి. "ఓడలు బళ్ళవుతాయంటారు, నా బండి ఓడకి నౌకరయింది" అని గొణిగి, లిఫ్టాయన వైపు తిరిగాడు. "అయ్యా, మీ గడియారం రోజుకి పది నిమిషాలు వెనకబడుతోంది."

"అది మా ఆఫీసుదే. అక్కడా అంతే" అన్నాడు లిఫ్టాయన.

దారిలో పక్కింటావిడ టైలరమ్మ పక్కకి చేరింది. నీళ్ళ మధ్యలో ఏం విప్పిందో రెండు వీధులు దాటేలోపే మొత్తం రాబట్టింది. విని నోటి మీద చెయ్యి పెట్టుకుంది. "పిచ్చిదానా! నోరు మూసుకుని కూర్చుంటే గది నీదే అయ్యేది కదే వదినా!"

"అవును" అంది టైలరమ్మ. "ఆ పంట్లాం ఒకటి చాలు వదినా, ఈ ఏడాదికి. దాన్ని కూడా విప్పాలి రేపు."

ఇంటికొచ్చాక పడవ మళ్ళీ పన్నెండడుగులూ పరుచుకుంది. టైలరమ్మ టేపు తీసి గది అడ్డం కొలిచింది. మాట ఇచ్చింది కాబట్టి సర్దుకుపోవాలి, కానీ సర్దుకోవడానికీ ఒక లెక్కుండాలి. వెలుగు వచ్చే షట్టరు వైపు సగం మిషనుకీ బల్లకీ, గోడ వైపు సగం పడవకి. మోకాళ్ళ మీద కూర్చుని, సుద్దముక్కతో నేల మీద ఈ చివర నుంచి ఆ చివర దాకా గీత గీసింది.

"ఇది సరిహద్దు. మీ పడవ గానీ, మీ ఉప్పుకాగితం పొడి గానీ ఈ గీత ఒక్క అంగుళం దాటిందా, ఆ బండివాడి ఇల్లు నాకు తెలుసు."

లిఫ్టాయన గీత దగ్గరికి వచ్చి, అలవాటుగా ఒక్క క్షణం ఆగాడు. "లోపలికి రావచ్చా?"

"ముందు కాళ్ళు తుడుచుకోండి."

ఆయన కాళ్ళు తుడుచుకుని వచ్చి, ఉబ్బిన బల్లని లోపలికి మోయడానికి ఒక చెయ్యి వేశాడు. ఆమె రెండో కొస పట్టుకుంది. గీత సరిగ్గా సగానికే గీసిందని ఆయన అనుకున్నాడు. కొలిచి చూస్తే పడవ వైపు నాలుగు వేళ్ళు ఎక్కువే ఉంటుంది. కానీ ఆ ఇంట్లో టేపు పట్టడం తెలిసింది ఒక్కరికే. ఆ ఒక్కరు ఎవరికీ చెప్పలేదు.